లిఫ్ట్‌లో టై కట్టుకున్నవాడి జీతం ఎంత?

మాదాపూర్‌లో మా ఆఫీసున్న బిల్డింగ్‌లో పొద్దున తొమ్మిదిన్నరకి లిఫ్ట్ ఎక్కితే ఒక ఆట ఆడుకోవచ్చు. బట్టలు చూసి ఎవరి జీతం ఎంతో చెప్పే ఆట. నేను చాలా ఏళ్ళుగా ఆడుతున్నాను కాబట్టి కిటుకు చెప్పేస్తాను: ఇస్త్రీ మడత ఎంత కత్తిలా ఉంటే జీతం అంత తక్కువ. మెడలో టై ఉందా, ఇక ఇరవై వేలు దాటదు. మొన్న సోమవారం లిఫ్ట్‌లో తొమ్మిదిమందిమి ఉన్నాం. టై ఉన్నది ఒక్క కుర్రాడికే. చంకలో క్రెడిట్ కార్డు ఫారాల ఫైలు, చెమటకి వీపుకి అతుక్కుపోయిన తెల్ల చొక్కా, అరిగిపోయిన మడమల మీద కొత్తగా కొట్టిన పాలిష్. అద్దంలో చూసుకుంటూ ముడి పైకి జరుపుకుంటున్నాడు. అతని పక్కన వెలిసిపోయిన జీన్స్, రౌండ్ నెక్ టీషర్టు, కాళ్ళకి ఫ్లోటర్స్ వేసుకుని ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నాయన ఏడో అంతస్తులో ఉన్న కంపెనీకి ఓనరు.

ఆఫీసుకి జీన్స్ వేసుకోవచ్చా, ఫార్మల్సే వేసుకోవాలా అని మనవాళ్ళు వాదించుకున్నప్పుడల్లా మాట సౌకర్యం దగ్గర మొదలై, మధ్యలో సంస్కృతి మీదకి పోయి, చివరికి ఈ తరం పిల్లలకి క్రమశిక్షణ లేదన్న దగ్గర ఆగుతుంది. నాకైతే ఇదంతా పక్కదారి అనిపిస్తుంది. ఎలా కనిపించాలో ఎవరి ఇష్టం, ఎవరికి ఆ ఇష్టం లేదు అన్నదే అసలు సంగతి. హైదరాబాద్‌కి ఇది కొత్త కూడా కాదు. నిజాం దర్బారుకి వెళ్ళాలంటే షేర్వానీ, నెత్తిన దస్తార్ అనే తలపాగా, నడుముకి బగ్లూస్ అనే పట్టీ ఉండాల్సిందే. మరి దర్బారు పెట్టుకున్నాయన? 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసిన, ప్రపంచంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడని చెప్పుకున్న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, మాసిన పాత షేర్వానీ, ఏళ్ళ తరబడి అదే టోపీతో తిరిగేవాడు. జనం దాన్ని పిసినారితనం అన్నారు. నాకు మాత్రం అందులో ఏడో అంతస్తు ఓనరు ఫ్లోటర్సే కనిపిస్తాయి. ఎవరి ముందూ నిరూపించుకోవాల్సిన పని లేనివాడికి ఇస్త్రీతో ఏం పని?

దీని మీద పరిశోధన కూడా ఉంది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇటలీలోని మిలాన్‌లో ఖరీదైన బట్టల షాపుల్లో పనిచేసేవాళ్ళని అడిగారు: ఒకామె జిమ్ బట్టల్లో వచ్చింది, ఇంకొకామె మంచి డ్రెస్సు, బొచ్చు కోటు వేసుకుని వచ్చింది, ఇద్దరిలో ఎవరు ఎక్కువ కొంటారు అని. వాళ్ళు జిమ్ బట్టలామెకే ఓటేశారు. అంత పెద్ద షాపులోకి అలా రాగలిగిందంటే డబ్బున్నదే అయ్యుంటుందని వాళ్ళ లెక్క. అయితే ఇక్కడొక మెలిక. వచ్చినామె కావాలనే అలా వచ్చిందని చూసేవాడికి అనిపిస్తేనే ఈ లెక్క పనిచేస్తుంది. గతిలేక వేసుకుందనిపిస్తే తలుపు దగ్గరే ఆపేస్తారు. జీన్స్ ఒకటే, వేసుకున్న మనిషిని బట్టి దాని ధర మారుతుంది.

అసలు జీన్స్ పుట్టిందే కూలివాళ్ళ కోసం కదా. అమెరికాలోని రీనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ, జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని మూలల్లో రాగి రివెట్లు కొట్టాడు, బట్టల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంట్ తీసుకున్నాడు. నిలువు పోగు నీలిమందులో ముంచింది, అడ్డపోగు తెల్లది, అందుకే ప్యాంటు తిరగేస్తే లోపల తెల్లగా ఉంటుంది. మురికి కనపడకూడదు, తొందరగా చిరక్కూడదు, అంతే దాని ఉద్దేశం. డంగరీస్ అన్న మాటైతే ఏకంగా మన ముంబైలోని డోంగ్రీ నుంచి వెళ్ళింది. అలాంటి బట్ట ఇప్పుడు మోకాలి దగ్గర చింపి మరీ నాలుగు వేలకి అమ్ముతుంటే, మా బిల్డింగ్ వెనకాల మట్టి మోసే కూలీ ఎవరో ఇచ్చేసిన పాత టెరికాటన్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి పని చేసుకుంటున్నాడు.

నేను కూడా టై దశ దాటి వచ్చినవాణ్ణే. 2006లో ఖమ్మం నుంచి వచ్చి ఎస్‌.ఆర్‌.నగర్ హాస్టల్‌లో దిగాను. రూంలో నలుగురం, నలుగురికీ కలిపి ఒకటే టై. మెరూన్ రంగు మీద సన్నటి గీతలు. మాకు ముందు ఆ మంచం మీద పడుకుని, ఉద్యోగం రాగానే ఖాళీ చేసి వెళ్ళిపోయిన అన్నెవరో వదిలేసి పోయాడు. ముడి కూడా ఆయన వేసిందే. విప్పితే మళ్ళీ వెయ్యడం మాలో ఎవరికీ రాదు, అందుకని విప్పేవాళ్ళమే కాదు. తల దూర్చడం, బిగించుకోవడం, ఇంటర్వ్యూ అయ్యాక వదులు చేసి మేకుకి తగిలించడం. ముడి దగ్గర నూనె, పౌడరు, చెమట కలిసి గట్టిపడి చెక్కలా ఉండేది. ఒకరోజు నాకు పొద్దున బేగంపేటలో, రూమ్మేట్‌కి మధ్యాహ్నం హైటెక్ సిటీలో ఇంటర్వ్యూలు. మైత్రీవనం బస్టాపులో జనం మధ్య నిలబడి నా మెడలోంచి తీసి వాడి మెడలో వేశాను. పక్కన మిర్చి బజ్జీలు తింటున్నాయన ‘పెళ్ళెప్పుడు బాబూ’ అన్నాడు. ఆ టైతో వాడికి ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు.

తర్వాత నాకొచ్చిన మొదటి ఉద్యోగం కాల్ సెంటర్‌లో. పేరెందుకులెండి. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము దాకా అమెరికావాళ్ళ ఇంటర్నెట్ బిల్లుల గోల ఫోన్‌లో వినాలి, టై తప్పనిసరి. ఫోన్ అవతల ఉన్నవాడికి నా గొంతు తప్ప ఏమీ కనపడదు. ఒక వానాకాలం, ఉన్న రెండు ఫార్మల్ ప్యాంట్లూ తడిసి హాస్టల్ తాడు మీద వేలాడుతున్నాయి, జీన్స్ వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపారు, సగం రోజు జీతం కోత. నెల తిరక్కుండా క్లయింట్ అమెరికా నుంచి వస్తున్నాడని అందరికీ మెయిల్ కొట్టారు: ఫుల్ ఫార్మల్స్, బూట్లకి పాలిష్, గడ్డాలు నున్నగా. వచ్చాడాయన. నీలం జీన్స్, చేతులు పైకి మడిచిన చొక్కా. మా మేనేజర్ కోటు వేసుకుని ఎదురెళ్ళి బొకే ఇచ్చాడు. ఆ సగం రోజు జీతం నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి చాలాకాలం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ అంటే టైయే. ఊళ్ళో పెళ్ళిళ్ళలో మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరిగినవాళ్ళని చూశాం. మెల్లగా వదులైంది. ఇన్ఫోసిస్ 2015లో వారంలో ఏ రోజైనా క్యాజువల్స్ వేసుకోవచ్చంది, సూట్లకి మారుపేరైన అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ కూడా 2019లో మీ విచక్షణకే వదిలేస్తున్నాం అంది. కరోనాలో అయితే పైన చొక్కా, కింద లుంగీతోనే ప్రాజెక్టులు డెలివరీ అయ్యాయి, ఏ సర్వరూ కూలిపోలేదు. జనాన్ని ఆఫీసుకి వెనక్కి పిలిచినప్పుడు మాత్రం, 2023లో టీసీఎస్ లాంటి కంపెనీలు డ్రెస్ కోడ్‌ని మళ్ళీ గుర్తు చేశాయి. నా అనుమానం ఏంటంటే, మనిషి ఇంట్లో ఉన్న మూడేళ్ళూ చేతిలోంచి జారిపోయిందనుకున్న పట్టుని ఇలా చొక్కా కాలర్ దగ్గర మళ్ళీ దొరకబుచ్చుకుంటున్నారు. తప్పయితే నా అనుమానం తప్పు.

సర్కారుది ఇంకో దారి. 2019లో బిహార్ సచివాలయంలో జీన్స్, టీషర్టులు వద్దన్నారు, 2021లో సీబీఐలో వద్దన్నారు, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వైద్య విద్యార్థులకి వద్దన్నారు, 2023లో అస్సాంలో టీచర్లకి వద్దన్నారు. అన్నిచోట్లా పాడే పాట ఒకటే, హుందాతనం. ఏదైనా సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగిన ఎవరినైనా అడగండి, ఆ గుమస్తా ఏ ప్యాంటు వేసుకున్నాడో గుర్తుందా అని. సాయంత్రం రా, రేపు రా అన్నది గుర్తుంటుంది. పైన పటారం లోన లొటారం అన్న మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

డ్రెస్ కోడే వద్దని అనడం లేదు నేను. కోర్టులో నల్లకోటు నాకు నచ్చుతుంది. 2023లో గువాహటి హైకోర్టులో జీన్స్‌తో వచ్చిన లాయర్‌ని బయటికి పంపించారని చదివినప్పుడు నాకేమీ కోపం రాలేదు. ఎందుకంటే అక్కడ కొత్తగా వచ్చిన జూనియరైనా, ఫీజు లక్షల్లో తీసుకునే సీనియరైనా, పైన కూర్చున్న జడ్జి అయినా నలుపూ తెలుపే. పైగా ఎండాకాలంలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్పించి మిగతాచోట్ల కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అంటే మే నెలలో నాంపల్లి కోర్టు లాయర్‌కి కోటు తీసి చేతి మీద వేసుకునే హక్కు కాగితం మీద ఉంది. అలాగే ఫ్యాక్టరీలో తిరిగే మిషన్ దగ్గరికి వెళ్ళేవాడు ఒంటికి అతుక్కునే బట్టలే వేసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది, చెయ్యి పోకుండా ఉండటానికి. బ్రిటన్ ఆసుపత్రుల్లో 2007లో డాక్టర్లకి మోచేతి కింద ఏమీ ఉండకూడదని, టైలు వద్దని చెప్పారు, క్రిములు అంటుకుంటాయని. చూశారా, నిజంగా కారణం వెతికిన చోట మొదట ఊడింది టైయే.

ఆడవాళ్ళ సంగతికొస్తే రూల్ కాగితం మీద కన్నా చూసే కళ్ళలోనే ఎక్కువ ఉంటుంది. మా ఆఫీసు పాత డ్రెస్ కోడ్ మెయిల్లో మగాళ్ళ గురించి రెండు లైన్లు, ఆడవాళ్ళ గురించి అర పేజీ: పొడవు, చేతులు, మెడ, ‘పారదర్శకత’. జీన్స్ మీద కుర్తీ అనేది హైదరాబాద్ అమ్మాయిలు కనిపెట్టుకున్న రాజీ. పైసగం ఇంట్లో అత్తగారికి, కిందిసగం మెట్రో మెట్లకి. టీమ్‌లో ఒకమ్మాయి చెప్పింది, కొత్త క్లయింట్ కాల్ ఉన్న రోజు బ్లేజర్ వేసుకుంటే ‘ఏంటి, ఇంటర్వ్యూనా’ అంటారట, కాటన్ చీర కట్టుకుంటే ‘ఏంటి, ఫంక్షనా’ అంటారట, జీన్స్ వేసుకుంటే ఏమీ అనరు కానీ ప్రజెంటేషన్ ఇంకొకరికి ఇస్తారట.

మా వదిన దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. చీర తప్పనిసరి, అదీ వారానికి రెండు రోజులు వాళ్ళు చెప్పిన రంగే. పొద్దున ఆరున్నరకి భుజం దగ్గర, నడుం దగ్గర నాలుగు పిన్నీసులు పెట్టుకుని, స్కూల్ బస్సు మెట్లు కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని ఎక్కుతుంది. రెండో చేతిలో పిల్లల నోటుబుక్కులు. ఆ చీరల ఖర్చు, గంజి, ఇస్త్రీ అన్నీ ఆవిడవే. పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకుని వెంట తిరిగినట్టు అంటారు చూడండి, ఈ స్కూలువాళ్ళు చీరా ఇవ్వరు, పీటా ఇవ్వరు, వెంట మాత్రం తిరుగుతారు. కేరళలో 2021లో టీచర్లు చీరే కట్టుకోవాలని బలవంతం చెయ్యొద్దని సర్కారే ఉత్తర్వు ఇచ్చిందని చెబితే వదిన నవ్వింది. ‘నువ్వొచ్చి మా ప్రిన్సిపాల్‌కి చెప్పు మరిదీ’ అంది.

ఇంతా రాశాక ఒక మాట ఒప్పుకోవాలి: ఈ ఊరి ఎండకి జీన్స్ అంత దిక్కుమాలిన బట్ట ఇంకోటి లేదు. మందం, ఉక్క, వానకి తడిస్తే రెండు రోజులకి గానీ ఆరదు. నేను ఇప్పుడు వదులుగా కుట్టించుకున్న కాటన్ ప్యాంట్లే వేసుకుంటున్నాను, తోక టక్ చెయ్యకుండా వదిలేసిన చొక్కా. ఎవరూ ఏమీ అనరు. ఇరవై ఏళ్ళ సర్వీసు నా బదులు సమాధానం చెబుతుంది.

పోయిన నెల మా హెచ్ఆర్ కొత్త డ్రెస్ కోడ్ మెయిల్ పంపింది. జీన్స్ ఓకే, చిరిగినవి వద్దు, కాలర్ ఉంటే మంచిది, చెప్పులు వద్దు, ‘మీరు మీలా ఉండండి’ అని పైన ఒక నినాదం. నేను ఒక్క ప్రశ్న రాశాను: మే నెలలో గేటు దగ్గర రేకు షెడ్డు కింద పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ అతనికి ఆ ఎలాస్టిక్ టై, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూట్లు అవసరమా? హౌస్‌కీపింగ్ ఆమెకి చీర మీద ఆ నీలం కోటు ఎందుకు? పావుగంటలో జవాబు వచ్చింది, మర్యాదగానే. వాళ్ళు మన ఎంప్లాయీస్ కారు, ఏజెన్సీవాళ్ళు, ఈ పాలసీ వాళ్ళకి వర్తించదు అని.

సాయంత్రం దిగేటప్పుడు గేటు దగ్గర ఆగి, ఎవరూ చూడట్లేదు కదా కాసేపు టై తీసెయ్యరాదా అన్నాను. నారాయణపేట దగ్గర్నుంచి వచ్చాడతను, నాకన్నా పెద్దవాడు. ‘తీస్తే రెండొందలు కట్ చేస్తరు సార్’ అన్నాడు, కెమెరా వైపు చూడకుండానే కెమెరా చూపిస్తూ.