ఎప్పుడైనా మీ గొంతు నులిమాడా?

భార్యను కొట్టాడన్న ఫిర్యాదు రాగానే పోలీసు కళ్లు ముందు దెబ్బల కోసం వెతుకుతాయి. రక్తం కారితే పెద్ద కేసు, కమిలితే చిన్న కేసు. ఏమీ కనిపించకపోతే సర్దిచెప్పి పంపేయడమే. ఈ కొలతే తప్పంటున్నాను. మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అదే పైన శీర్షికగా పెట్టాను.

భర్తో సహచరుడో గతంలో ఒక్కసారి గొంతు నులిమినా, ఆ మహిళ అతని చేతిలోనే హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. మరి గుర్తులు? 1990లలో అమెరికాలోని శాన్ డియాగోలో ఇలాంటి 300 కేసులు తిరగేస్తే, సగం కేసుల్లో పైకి కనిపించే గాయమే లేదు. ప్రాణం తీసే దాకా పోగల దాడి, దెబ్బలు వెతికే కంటికి ఆననే ఆనదు!

జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1980లలోనే ఈ ముప్పును అంచనా వేసే ప్రశ్నావళిని తయారుచేశారు. చంపుతానన్నాడా, ఇంట్లో తుపాకీ ఉందా, ఈ మధ్య విడిపోయారా, కొట్టడం ఎక్కువైందా... ఇలా సాగుతుంది. జవాబులను బట్టి ముప్పు ఎంతో చెప్పే స్కోరు వస్తుంది. అందులో నన్ను కదిలించింది క్యాలెండర్. గడిచిన ఏడాదిలో దెబ్బలు తిన్న రోజులన్నిటికీ ఆమె చేతే గుర్తు పెట్టిస్తారు. నెలకోసారి పడ్డ గుర్తు వారానికోసారి పడుతోందని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆమెకే తెలిసిపోతుంది. ఇది చాలా అవసరం. ఎందుకంటే హత్యకు గురైన, చావు అంచుదాకా వెళ్లొచ్చిన మహిళల్లో దాదాపు సగం మంది, అతను అంతపని చేస్తాడని ముందు అనుకోలేదని క్యాంప్‌బెల్ పరిశోధనలోనే బయటపడింది.

స్కోరు తప్పొచ్చు కదా అంటారు. తప్పుతుంది. స్పెయిన్‌లో ఇలాంటి ముప్పును అంచనా వేయడానికి 2007 నుంచి నడుస్తున్న వియోజెన్ అనే వ్యవస్థ ముప్పు తక్కువని తేల్చినవాళ్లలోనూ ప్రాణాలు కోల్పోయినవారున్నారు. అయితే ఏ పత్రమూ లేనప్పుడు కూడా పోలీసు మనసులో ఓ అంచనా వేసుకుంటూనే ఉంటాడు. అది తప్పితే దిద్దడానికి కాగితం మీద ఏమీ ఉండదు.

స్కోరు ఫైల్లో పడుంటే మాత్రం ప్రయోజనం సున్నా. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 2005 నుంచి పోలీసులు 11 ప్రశ్నలు అడుగుతున్నారు. ముప్పు ఎక్కువని తేలితే అక్కడే నిలబడి సహాయ కేంద్రానికి ఫోన్ కలుపుతారు. బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో 2003లో పోలీసు, ఆసుపత్రి, పిల్లల సంక్షేమ శాఖ, గృహవసతి అధికారులను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టారు. ఒకరి దగ్గరున్న సమాచారం మరొకరికి చేరక ప్రాణాలు పోతున్నాయని గ్రహించారు కాబట్టే.

అసలు నా పోరు ఇంకొకటుంది. ప్రమాదం అతని వల్లయితే ఇల్లు ఆమె ఎందుకు వదలాలి? ఆశ్రయ గృహానికి వెళ్లమంటాం. ఉద్యోగం, పిల్లల బడి, తెలిసిన ఇరుగుపొరుగు అన్నీ వదులుకునేది ఆమే. పైగా విడిపోయిన తొలి నెలలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. ఆమె చిరునామా మార్చడానికి పెట్టే శ్రమలో సగమైనా అతని కదలికల మీద పెట్టాలి. తుపాకీ ఉంటే అదే రోజు స్వాధీనం చేసుకోవాలి. బెయిలు ఇచ్చే న్యాయమూర్తి ముందు ఆ స్కోరు ఉండాలి. అతను జైలు గేటు దాటకముందే ఆమె ఫోన్ మోగాలి. ఆ ఫోన్ చేయాల్సిన అధికారి పేరు ఇవాళే ఆమె ఫైల్లో రాసి ఉండాలి.