పంచాశీత్యుత్తర త్రిశతావధానం

ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటే అష్టావధానం. వంద మంది కూర్చుంటే శతావధానం. మూడు వందల ఎనభై ఐదు మంది కూర్చుంటే ఏమనాలో మన లాక్షణికులు రాసిపెట్టలేదు. అమెరికా వాళ్ళు రాసిపెట్టారు. దాన్ని స్కూల్ కౌన్సెలర్ ఉద్యోగం అంటారు.

లెక్క నాది కాదు. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించి ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ ఏళ్ళ తరబడి చెబుతోంది. 2022–23లో దేశం మొత్తం మీద సగటు 385. అరిజోనాలో 667. చిన్న తరగతుల బడులు కూడా కలిపిన లెక్క కాబట్టి హైస్కూళ్ళలో ఇంతకంటే కాస్త నయమే. ఆ నయాన్ని కాదనను. కానీ తిరుపతి వేంకట కవులు శతావధానం చేస్తే అటు వంద మంది ఉన్నా ఇటు ఇద్దరున్నారు. తలకి యాభై. మీసం మెలేసి ఊరూరా సవాలు విసిరిన మహానుభావులకే తలకి యాభై అయితే, ఏ మీసమూ లేని మా అమ్మాయి కౌన్సెలర్ గారికి ఎంతమంది ఉండాలో మీరే చెప్పండి.

అవధానం అన్నది ఊరికే పోలిక కోసం తేలేదు. పన్నెండో తరగతి పిల్లలు కాలేజీలకి దరఖాస్తులు పెట్టే కాలమంతా ఆవిడ చేసేది అచ్చంగా అదే. "ఈ పిల్ల మిగతా వాళ్ళకంటే ఎందులో భిన్నమో ఒక పేజీలో చెప్పండి" అని కాలేజీలు అడుగుతాయి. అది వర్ణన. ఆ పిల్లని ఆవిడ రెండుసార్లు చూసి ఉంటారు, అందులో ఒకసారి ఫైర్ డ్రిల్‌లో. ట్రాన్స్‌క్రిప్ట్, స్కూల్ రిపోర్ట్, మిడ్ ఇయర్ రిపోర్ట్, ఫైనల్ రిపోర్ట్ అని నాలుగు మాటలిచ్చి గడువులోగా అల్లమంటారు. దత్తపది. ఏ పిల్లవాడి ఆర్థిక సాయం ఫారం పూర్తయిందో, ఏది కాలేదో రాష్ట్రం జాబితా పంపుతుంది గానీ, ఫారం లోపల ఏముందో మాత్రం చూపించదు. నిషిద్ధాక్షరి. క్యాంటీన్ దగ్గర కాపలా, పరీక్షల పర్యవేక్షణ, "మావాడికి ఐవీ లీగ్ ఎందుకు రాదో రాతపూర్వకంగా చెప్పండి" అనే నాలాంటి తండ్రులూ, ఇదంతా అప్రస్తుత ప్రసంగం. గంట సంగతి సరేసరి, బడి కాబట్టి నిజంగానే మోగుతుంది. చివర్లో ధారణ. ఎవరు ఏ కాలేజీకి పెట్టారు, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ తప్పులేకుండా అప్పగించాలి.

ఈ ధారణ దగ్గర ఆవిడకి సాయం చెయ్యాలని లోకం కంకణం కట్టుకుంది.

మొదటి సాయం నావియన్స్ అనే సాఫ్ట్‌వేర్, కాలేజీ దరఖాస్తుల లెక్క చూసేది. దాని తర్వాత అలాంటిదే స్కోయర్. వెయ్యికి పైగా కాలేజీలు ఒక్క చోట దొరికే కామన్ యాప్ అనే దరఖాస్తుల సైటుకి కౌన్సెలర్ లాగిన్ వేరే. కొన్ని ప్రైవేటు కాలేజీలు ఆర్థిక సాయానికి అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ వేరే. ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం, దాని రాష్ట్రం జాబితా వేరే. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవని గ్రహించిన స్కూల్ డిస్ట్రిక్ట్ పెద్దలు, అన్నిటినీ ఒక్క చోట చూసుకోవడానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గడులతో ఇంకో షీట్ ఇచ్చారు. దానిలోకి మిగతా వాటినుంచి ఎవరు ఎక్కించాలి? కౌన్సెలరే. ఇంతకు ముందు ఆవిడ పిల్లల్ని గుర్తుపెట్టుకునేవారు. ఇప్పుడు పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుంటున్నారు. అభివృద్ధి అంటే ఇదే కదా.

మనుషుల్ని పెంచవచ్చుగా అని అమాయకులు అడుగుతారు. మనిషికి జీతం, పెన్షన్, కూర్చోవడానికి కుర్చీ కావాలి. సాఫ్ట్‌వేర్‌కి కుర్చీ అక్కర్లేదు. పైగా కొత్త మనిషిని పెడితే ఆవిడ పిల్లలతో మాట్లాడుతూ కూర్చుంటుంది. మాటకి గడి లేదు. గడి లేని పనిని మీటింగులో ప్రొజెక్టర్ మీద ఎలా చూపిస్తారు?

మన ఊళ్ళలో ఈ బాధ లేదు. మనకి కౌన్సెలింగ్ అంటే వెబ్ ఆప్షన్లు పెట్టి, ఫ్రీజ్ చేసి, సీటు ఎలాట్‌మెంట్ కోసం అర్ధరాత్రి దాకా పేజీ రిఫ్రెష్ చెయ్యడం. అందులో కౌన్సెలర్ అనే ప్రాణి ఉండడు. ఉన్నవాడల్లా ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎక్కడ ఆగిందో కూడా ఈ-పాస్ తెరిచి అతనే చెబుతాడు, ప్రింటుకి పది రూపాయలు తీసుకుని. అక్కడ అంత కౌన్సెలింగ్ కౌన్సెలరే లేకుండా నడిచిపోతుంటే, ఇక్కడ కౌన్సెలర్‌ని పెట్టి మరీ కౌన్సెలింగ్‌కి టైము లేకుండా చేశారు. రెండు దేశాల నిపుణులూ కూర్చుని మాట్లాడుకుంటే ఎంత జ్ఞానం చేతులు మారుతుందో కదా.

ఇక ఫాఫ్సా. పేరు వింటే పరుపుల కంపెనీలా ఉంటుంది గానీ, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ నుంచి ఫెడరల్ అప్పు దాకా అన్నీ ఈ వాకిట్లోంచే వెళ్ళాలి. ఆదాయం మరీ తక్కువ కాని మాలాంటి ఇళ్ళకి గ్రాంట్ రాదు, మొదటి ఏడాది 5,500 డాలర్ల అప్పు వస్తుంది. అప్పు చెయ్యడానికి అర్హత సంపాదించుకోవడం కూడా ఒక అర్హతే. ఈ ఫారం మరీ పెద్దదిగా ఉందని, దీన్ని సులభం చెయ్యాలని 2020 డిసెంబరులో చట్టం చేశారు. వందకి పైగా ఉన్న ప్రశ్నలు కొందరికి 18కి తగ్గుతాయన్నారు. మంచిదే. భారతం కూడా 18 పర్వాలే.

ఏటా అక్టోబరు 1న తెరుచుకునే ఫారం, సులభం చేసిన సంవత్సరం మాత్రం 2023 డిసెంబరు చివర్లో తెరుచుకుంది. తెరుచుకుంది అంటే కాసేపు తెరిచి, కాసేపు మూసి. సరిగ్గా అదే వారంలో తిరుమలలో వైకుంఠ ద్వారం కూడా తెరిచి ఉంది. అది చెప్పిన రోజుకి తెరుచుకుంది, పది రోజులూ తెరిచే ఉంది.

లోపలికి వెళ్ళాక లీలలు మొదలయ్యాయి. 2000 సంవత్సరంలో పుట్టినవాళ్ళని ఫారం ఒక చోట దాటి ముందుకి వెళ్ళనివ్వలేదు. ఈ ఒక్క విషయం దగ్గర నేను కాసేపు ఆగాలి. వైటూకే పేరు చెప్పి, రెండు సున్నాలు చూసి కంప్యూటర్లు కంగారుపడకుండా చూడటానికే కదా మన తెలుగువాళ్ళు అమీర్‌పేటలో కోర్సు చేసి విమానాలెక్కి ఈ దేశం వచ్చింది! ఇళ్ళు కొన్నాం, గుళ్ళు కట్టాం, పిల్లల్ని కూచిపూడికి పంపాం. ఇరవై నాలుగేళ్ళ తర్వాత చూస్తే ఆ సున్నాలు అక్కడే ఉన్నాయి. నమ్మకద్రోహం అంటే కంప్యూటర్లు కూడా చెయ్యగలవు.

ఇబ్బంది వస్తే ఫోన్ చెయ్యమన్నారు. మొదటి ఐదు నెలల్లో కాల్ సెంటర్‌కి 54 లక్షల కాల్స్ వస్తే 40 లక్షలు ఎవరూ ఎత్తలేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2024 సెప్టెంబరులో తేల్చింది. ఎత్తని ఫోన్లన్నీ ఎక్కడికి వెళ్ళాయో ఆడిట్‌లో ఉందో లేదో గానీ, నాకు తెలుసు. కౌన్సెలర్ గది తలుపు దగ్గరికి వెళ్ళాయి.

టెక్సస్ గురించి కూడా ఒక మాట. అక్కడ 2021–22 నుంచి ఫాఫ్సా గానీ, రాష్ట్రం వారి ఆర్థిక సాయం ఫారం గానీ నింపితేనే హైస్కూల్ పట్టా. నింపడం ఇష్టం లేని స్వేచ్ఛాజీవులకీ దారి చూపించారు: నింపను అని చెప్పే ఇంకో ఫారం నింపాలి. అది కూడా నింపకపోతే? తగిన కారణం ఉంటే కౌన్సెలరే ఆ మినహాయింపు ఇవ్వవచ్చు. అంటే పిల్లవాడు ఫారం నింపలేదని వెంటపడేదీ, నింపనక్కర్లేదని ఒప్పుకునేదీ ఒకే మనిషి. న్యాయశాస్త్రంలో దీన్ని ఏమంటారో గానీ మా ఊళ్ళో చెరువు కాపలావాడికే వలలు అద్దెకిచ్చే హక్కు కూడా ఇచ్చినట్టు అంటారు.

ఇప్పుడు మా ఇంటి కథ. మా అమ్మాయి ఫారం మారిన ఆ సంవత్సరమే సీనియర్, అంటే పన్నెండో తరగతి. ఇక్కడే పుట్టింది కాబట్టి ఆమె పౌరురాలు. నేను హెచ్1, మా ఆవిడ హెచ్4. తల్లిదండ్రుల్లో ఒకరిని ఫారంలోకి పిలవమంటే, పిల్ల సహజంగానే అమ్మని పిలిచింది. ఈ ఇంట్లో ఏది కావాలన్నా పిలిచేది ఆవిడనే. ఆవిడకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఆ నంబరు లేని తల్లిదండ్రులని ఆ చలికాలమంతా ఫారం గడప దాటనివ్వలేదు.

"ఏమండీ, నేను నేనే అని వీళ్ళకి ఎలా చెప్పాలి?" అంది ఒక రాత్రి, మూడో వారంలో.

ఇరవై ఏళ్ళు కాపురం చేసిన నేను సాక్ష్యం చెబుతానన్నాను. ఆ సైటులో అందుకు ఆప్షన్ లేదు.

ఈలోగా షీట్‌లో మా అమ్మాయి గడి ఎర్రగా మారింది. ఎర్రగా మారగానే నాకు మెయిల్, మా ఆవిడకి మెయిల్, పిల్లకి మెయిల్, కౌన్సెలర్‌కి మెయిల్. కౌన్సెలర్‌ని సంప్రదించండి అని మాకు, కుటుంబాన్ని సంప్రదించండి అని ఆవిడకి. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి ఇద్దరికీ "వాళ్ళే కబురు పెడతారు" అని చెప్పి వెళ్ళిపోయినట్టు రెండు వారాలు ఇలా గడిచింది.

ఒక రోజు బడిలో మెట్లు దిగుతూ కౌన్సెలర్ గారు మా అమ్మాయిని ఆపారట. మీ నాన్నకి సోషల్ ఉందా, ఉంది. ఇద్దరూ కలిపి ట్యాక్స్ ఫైల్ చేస్తారా, చేస్తారు. "అయితే ఒక్కరు చాలు. అమ్మతో మొదలుపెట్టింది తీసేసి, నాన్నని పెట్టి కొత్తగా మొదలుపెట్టు" అన్నారట. అంతే. పదిహేను సెకన్లు. ఆ రాత్రి భోజనాలు అయ్యేలోపు ఫారం వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ నాలుగు వారాల లెక్క ఎవరి దగ్గర తేల్చుకోవాలా అని నా వైపు చూసింది.

ఆ పదిహేను సెకన్లు ఏ డాష్‌బోర్డులోనూ లేవు. అందుకని నేను డిస్ట్రిక్ట్ వారికి వినయంగా ఒక ప్రతిపాదన పంపాను. మెట్ల మీద జరిగే సంభాషణలని నమోదు చెయ్యడానికి ఇంకో పోర్టల్ పెట్టాలి. కౌన్సెలర్ రోజుకి ఎన్ని మెట్లు దిగారు, ఏ మెట్టు మీద ఎవరిని ఆపారు, సమస్య ఎన్నో మెట్టు మీద తీరింది, ఇవన్నీ సాయంత్రం ఆవిడే ఎక్కించాలి. ఆవిడ గది కింది అంతస్తులో ఉంటే ఫలితాలు తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి పైకి మార్చాలి. వాళ్ళు ఈ ఉత్తరం సీరియస్‌గానే తీసుకుని, సూచనని సంబంధిత కమిటీకి పంపామని జవాబిచ్చారు. అప్పటినుంచి నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది.

ఫారం వెళ్ళినా గడి ఆకుపచ్చ అవలేదు, పసుపు దగ్గర ఆగింది. కారణం మా ఇంటి పేరు. బడి రిజిస్టర్లో ఇంటి పేరు ముందుంది, ఫారంలో వెనక ఉంది. అమ్మాయి పేరులో ఉన్న సాయిని ఒకరు మొదటి పేరులో కలిపారు, ఇంకొకరు మధ్య పేరులోకి నెట్టారు. మా నాన్నగారు పేరు పెట్టినప్పుడు ముహూర్తం చూశారు గానీ డేటా మ్యాచింగ్ చూడలేదు.

అమ్మాయి కాలేజీలో చేరి ఏడాది దాటింది. అప్పు వచ్చింది, ఖర్చయింది. సోమవారం సోమవారం నాకు ఇంకా మెయిల్ వస్తూనే ఉంది: మీ విద్యార్థి ఫాఫ్సా పెండింగ్‌లో ఉంది, కౌన్సెలర్‌ని సంప్రదించగలరు. పోయిన నెల నిజంగానే సంప్రదించాను, ఆ గడి కాస్త ఆకుపచ్చ చేయించమని. పావుగంటలో జవాబొచ్చింది. అమ్మాయి ఎలా ఉంది, కెమిస్ట్రీ ఇంకా ఏడిపిస్తోందా అని అడిగి, కింద రాశారు: "దయచేసి ఆ గడిని ముట్టుకోమని ఎవరికీ చెప్పకండి. పోయినసారి ఒకరిది సరిచేయిస్తే నలభై మంది ఎర్రబడ్డారు."