హెలికాప్టర్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ హెలికాప్టర్ గారికి,

అమెరికా, నెవాడా రాష్ట్రం, రీనో నుంచి ఒక అడవి గుర్రం యజమానురాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ ఇక్కడ కుశలం లేదండి. ఇవాళ మధ్యాహ్నం దాకా ఉండింది.

మా గుర్రం గౌరి నా చేతిని మెడ మీద ఉండనిచ్చింది. హాల్టర్, అంటే తలకి తొడిగే తాడు, చెవుల వెనక నుంచి ఇవతలికి తెచ్చాను. ఇక ముడి వెయ్యడమే తరువాయి. సరిగ్గా అప్పుడు కొండ అవతల నుంచి టపటపలాడుతూ తమరు వేంచేశారు. ఆ తర్వాత గౌరి లోపల గిరగిరా, నేను కంచెకి అవతల, హాల్టర్ పేడలో. పొద్దుగూకేదాకా నా వంక చూస్తే ఒట్టు.

ఇవాళ వచ్చింది తమరు కాకపోవచ్చు. రోగిని ఆస్పత్రికి మోసుకెళ్తున్న మీ అన్నగారో, అడవి మంటల మీద నీళ్ళు గుమ్మరించడానికి పోతున్న మీ బావగారో అయ్యుండొచ్చు. వాళ్ళకి నా దండం. మా వైపు కూడా వరదలొస్తే మీ వాళ్ళే పైనుంచి పులిహోర పొట్లాలు పడేసేవారు, కాదనను. కానీ గౌరికి ఈ చుట్టరికాలు తెలియవు. దానికి తెలిసింది చప్పుడొక్కటే. ఆ చప్పుడుకి అర్థం చెప్పింది తమరు.

ఎంత చక్కగా చెప్పారండీ! అడవి గుర్రాల్ని పట్టడానికి సర్కారు వారు పంపితే, మైళ్ళ దూరం నుంచి మందని తోలుకొస్తారు. గోనెపట్టా కట్టిన రెండు కంచెలు గరాటులా దగ్గరపడే చోటికి రాగానే మీదికి దిగుతారు. అక్కడ నీతి గల ఇంకో పెద్దమనిషి సిద్ధంగా ఉంటాడు, మాలిమి చేసిన గుర్రం. క్రీస్తుని పట్టిచ్చిన జూడాస్ పేరు మీద దాన్ని అందరూ జూడాస్ గుర్రం అనే అంటారు. అది ముందు పరిగెడితే, తన జాతే కదా అని మంద వెనకాల పోతుంది. గేటు పడుతుంది. అప్పుడు మీ చప్పుడు ఆగుతుంది.

ఒత్తిడి పెట్టు, కోరింది చెయ్యగానే వదులు. గుర్రాలకి నేర్పే మొదటి పాఠం ఇదే, నేనూ ఇదే చేస్తాను. నేను పక్కకి తిరిగి నిలబడతాను, కళ్ళలోకి సూటిగా చూడను, నుదుటి ముందు దానికి కనబడని చోటు ఉంటుంది కాబట్టి భుజం వైపు నుంచి వెళ్తాను. చెవి ఒక్కటి నా వైపు తిరిగితే చాలు, అడుగు వెనక్కి వేస్తాను. అది పెదాలు చప్పరించి తల దించితే ఆ పూటకి పండగే. మా అమ్మ ఫోన్లో, "డబ్బు కట్టి తెచ్చుకున్న గుర్రాన్ని ముట్టుకోవడానికి దాని పర్మిషనేమిటే?" అంటుంది. ఆవిడకి ఏం చెప్పను? తమరు ఒక్క పూటలో నేర్పిన పాఠాన్ని మరిపించడానికి నేను నెలల తరబడి ట్యూషన్ చెబుతున్నానని చెప్పనా?

అసలు తమరికి ఈ పనిలో ప్రవేశమే ఉండకూడదు. మా రీనో దగ్గరే ఉండేది వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ. 1950లో ముందు పోతున్న లారీలోంచి రక్తం కారుతుంటే వెంబడించి చూసింది. కబేళాకి పోతున్న అడవి గుర్రాలు. ఆవిడ బడిపిల్లల చేత ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించి, 1959లో విమానాలతో, మోటారు బళ్ళతో వీటిని వేటాడకూడదని చట్టం తెప్పించింది. 1971లో ఇంకో చట్టం వచ్చింది, ఇవి పశ్చిమ ప్రాంతపు సజీవ చిహ్నాలని. 1976లో మెల్లగా సవరించి, పట్టుకోవడానికి హెలికాప్టర్ వాడొచ్చన్నారు. సజీవ చిహ్నాలని సజీవంగానే తరుముతారన్నమాట. తమరి వాడకం మీద ఏటా ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరుగుతుంది. ప్రజలు అభిప్రాయం చెబుతారు, అధికారులు సేకరిస్తారు, తమరు ఎగురుతారు.

గుర్రాల్ని మాలిమి చేసి చూపించే గురువుల సంగతీ ఉంది. "గుర్రం నిన్ను నాయకుడిగా ఎంచుకుంది" అని టిక్కెట్లు పెట్టి కన్నీళ్ళు తెప్పిస్తారు. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు మనిషికి బదులు రిమోట్ కారుతో ఇదే, అంటే తరమడం, ఇటు తిరగగానే ఆగడం, చేసి చూశారు. గుర్రాలు ఆ బొమ్మ కారు వైపూ తిరిగాయి. మీ వంశంలో అంత చిన్నవాడికి కూడా ఎప్పుడు ఆగాలో తెలుసండి.

2019లో, తమరు పట్టిన గుర్రాన్ని దత్తత తీసుకుంటే సర్కారు వారు 1,000 డాలర్లిస్తామన్నారు. కొందరు డబ్బు తీసుకుని గుర్రాన్ని వేలానికి తోలేశారు. పేపర్లలో వచ్చాక అందరూ ముక్కున వేలేసుకున్నారు. సరే.

కానీ ఒకటి అడుగుతాను. 6 అడుగుల కంచె కట్టాను. 400 చదరపు అడుగుల చోటు చూపించాను. 125 డాలర్లు నేనే కట్టాను. ఏడాది సవ్యంగా చూసుకుంటేగానీ గుర్రం నాదేనన్న పట్టా చేతికివ్వరు, అదీ ఒప్పుకున్నాను. నీకేమో పట్టిన ప్రతి తలకీ ఇంత అని కాంట్రాక్టు! నువ్వు బెదరగొట్టినందుకు డబ్బు తీసుకుంటావు, ఆ బెదురు పోగొట్టడానికి నేను డబ్బు పెట్టాలి. కొట్టాల్లోనూ పచ్చిక బయళ్ళలోనూ నువ్వు తెచ్చి పడేసినవి 60,000కు పైనే ఉన్నాయి. వాటిలో ఎన్నిటికి కూర్చుని చెబుతారు ట్యూషన్? కార్సన్ సిటీ జైల్లో ఖైదీలు చెబుతూ వచ్చారు, పాపం, ఓపిగ్గా. నీకు లేని ఓపిక ఖైదీలకుంది!

నీళ్ళూ గడ్డీ పెట్టి, గేటు తెరిచి కూర్చుంటే దాహమేసినవి వాటంతటవే వస్తాయి. ఆ పద్ధతీ వాడుతూనే ఉన్నారు. దానికి టైం పడుతుందట. టైం! ఆ మిగిలిన టైమంతా ఎవరి నెత్తిన పడిందో వచ్చి చూడు. గాడిద గుడ్డు టైం.

ఈసారి ప్రజాభిప్రాయ సేకరణకి గౌరినే తీసుకొచ్చి మాట్లాడిద్దామనుకున్నాను. అందుకు దాన్ని ట్రైలర్ ఎక్కించాలి. ట్రైలర్ ఎక్కాలంటే హాల్టర్ వెయ్యాలి. హాల్టర్ వెయ్యాలంటే నువ్వు కాసేపు నోరు మూసుకోవాలి.

ఇట్లు,
తమరి విధేయురాలు ఎంతమాత్రం కాని,
గౌరి వాళ్ళ మనిషి