పాలు విరగవు, గర్భసంచి ఊడిపడదు

మా పెద్దమ్మ మొన్న ఒక వాట్సాప్ సందేశం పంపింది. మారథాన్లు పరిగెత్తే తల్లులకు గర్భసంచి జారుతుందట, చంటిబిడ్డ తాగే పాలు విరుగుతాయట, మోకాళ్లు అరుగుతాయట, పిల్లలేమో తల్లి ఉండీ లేనివాళ్లలా పెరుగుతారట. చివర్లో "పదిమందికి పంపండి". ఇద్దరు పిల్లల తల్లిని, నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కి దిగి ఒకసారి 42 కిలోమీటర్లు పూర్తిచేసినదాన్ని. జవాబు నేనే చెప్పాలి.

పాల సంగతి ముందు. మామూలు పరుగుతో తల్లిపాలు మారవు. ఊపిరి అందనంత వేగంగా పరిగెత్తితే, కండరాలు బాగా శ్రమించినప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లం పాలలో కాసేపు కొద్దిగా పెరగవచ్చు, అంతే. దానివల్ల బిడ్డకు హాని జరుగుతుందనడానికి ఆధారం లేదు. 2019లో బ్రిటన్‌లో జాస్మిన్ పారిస్ అనే పశువైద్యురాలు దాదాపు 430 కిలోమీటర్ల స్పైన్ రేసును 83 గంటల్లో ముగించి, మగవాళ్లందరికంటే ముందు గమ్యం చేరింది. అప్పటికి కూతురికి 14 నెలలు. దారిలో ఆగిన చోట్ల పాలు పిండి తీసుకుంటూ పరిగెత్తింది.

మోకాళ్లు: 2017లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరిగెత్తేవారిలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం. పోటీ స్థాయి పరుగువీరుల్లో మాత్రం 13.3. నాది ఆ స్థాయి కాదు లెండి.

ఇక గర్భసంచి. ఈ బెదిరింపు పాతదే. ఆడవాళ్ల ఒంటికి తగదంటూ వచ్చి, 1984 దాకా ఒలింపిక్స్‌లో మహిళల మారథానే పెట్టలేదు. గర్భసంచి జారడం నిజమైన జబ్బే. కానీ దానికి ముఖ్య కారణం కాన్పు. వయసు, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు తోడవుతాయి. నాకు కోపం తెప్పించింది అబద్ధం ఒక్కటే కాదు, అది కప్పిపెట్టిన నిజం కూడా. కాన్పు తర్వాత కటి భాగంలోని కండరాలు వదులవుతాయి. అవి కోలుకోకముందే పరుగు మొదలుపెట్టకూడదు. కనీసం 12 వారాలు ఆగమని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో మార్గదర్శకాలు రాశారు. నేను రెండో కాన్పు తర్వాత తొమ్మిదో వారంలోనే బయలుదేరాను. మొదటి కిలోమీటరు దాటకముందే మూత్రం చుక్కలు చుక్కలుగా పడింది. నడుముకు చున్నీ చుట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే, మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగబట్టి వదలడం నేర్పింది. మళ్లీ పరిగెత్తడానికి నాలుగు నెలలు పట్టింది.

పిల్లల విషయంలో కొంత నిజం ఉంది. ఆదివారం 30 కిలోమీటర్లంటే నాకు నాలుగు గంటలు. అంతసేపు ఇల్లు ఎవరో ఒకరు చూడాలి. మా ఇంట్లో ఆయన చూస్తారు, దోసెలు కాస్త మాడతాయి. చిన్నవాడు మొదటి రెండు వారాలు గేటు పట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు నేను రాగానే చెమట వాసనకు ముక్కు మూసుకుని, తన దోసెలో సగం తుంచి పెడతాడు.

ఇదంతా పెద్దమ్మకు ఫోనులో చెప్పాను. ఆ చుక్కల సంగతి దగ్గరకు వచ్చేసరికి అటునుంచి మాట లేదు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది: "మా పెద్దవాడు పుట్టినప్పటి నుంచీ తుమ్మితే నాకూ అంతేనమ్మా. ఆ బిగబట్టడం రోజుకు ఎన్నిసార్లు చేయాలి?"