నాట్ కింగ్ కోల్ కంటే ముందే హేజెల్ స్కాట్

వ్యాసం బాగుంది. ఒక్క సవరణ. అమెరికా టీవీలో సొంత షో దక్కిన మొదటి నల్లజాతి కళాకారుడు గాయకుడు నాట్ కింగ్ కోల్ అని అందులో రాశారు. ఆయన షో మొదలైంది 1956 నవంబరులో. అంతకు ఆరేళ్ల ముందే, 1950లో, డ్యూమాంట్ అనే టీవీ నెట్‌వర్క్‌లో హేజెల్ స్కాట్ షో వచ్చింది. ట్రినిడాడ్‌లో పుట్టిన పియానిస్టు ఆమె. పావుగంట కార్యక్రమం, వారానికి మూడుసార్లు. జులైలో దేశమంతా మొదలై సెప్టెంబరు చివరికల్లా ఆగిపోయింది, మూడు నెలలు కూడా నడవలేదు.

కారణం రేటింగ్స్ కాదు. కమ్యూనిస్టు సానుభూతిపరుల జాబితా అంటూ ఆ ఏడాది అచ్చైన 'రెడ్ ఛానెల్స్' అనే పుస్తకంలో ఆమె పేరుంది. ఊరుకోలేక తనే వెళ్లి కమ్యూనిస్టులపై విచారణ జరిపే అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకుంది. వారం తిరిగేసరికి షో తీసేశారు. కోల్‌కి ఇంత టెన్షన్ లేదు కానీ, దేశవ్యాప్త స్పాన్సర్ ఒక్కరూ దొరకలేదు. ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్, బెలాఫాంటే లాంటి పేరున్న గాయకులు కనీస పారితోషికానికే వచ్చి పాడినా ఆయన షో ఏడాది దాటి నెలన్నర లోపే ముగిసింది.

కోల్ ఎపిసోడ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. స్కాట్ షోవి ఒక్కటీ దొరకవు, పాపం. ఆమె రెండు పియానోల మధ్య కూర్చుని, కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఇంకోటి, నవ్వుతూ వాయించే సినిమా క్లిప్ మాత్రం యూట్యూబ్‌లో ఉంది, చూడండి.