పై వాటా ఎవరికి?

నెల్లూరు, దర్గామిట్ట. పై వాటాను నెలవారీ అద్దె నుంచి తప్పించి, ఊరికొచ్చేవాళ్లకు ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ వెబ్‌సైట్‌లో రోజు లెక్కన ఇవ్వాలంటాడు రమణ. వద్దంటుంది పిన్ని సరళ.

రమణ: రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి లక్షల మంది వస్తారు పిన్నీ. తమిళనాడు, కర్ణాటక నుంచి పిల్లాపాపలతో దిగేవాళ్లకు లాడ్జిలో గది దొరకదు. వండుకునే వీలున్న ఇల్లిస్తే వాళ్లకూ సుఖం, మనకూ నాలుగు డబ్బులు.

సరళ: పండుగ అయిదు రోజులు. మిగతా ఏడాదంతా ఎవరొస్తారు?

రమణ: మైపాడు తీరానికి వస్తారు. చలికాలంలో నేలపట్టు పక్షుల కోసం వస్తారు.

సరళ: మైపాడు వచ్చినవాళ్లు చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. నేలపట్టు చూసేవాడు సూళ్లూరుపేటలో దిగుతాడు గానీ ఇంత దూరం వస్తాడా? పైన ఒంటరిగా ఉంటున్న ఆస్పత్రి నర్సు మాత్రం ఒకటో తారీఖున అద్దె చేతిలో పెడుతుంది.

రమణ: మన ఒక్క వాటాతో ఊళ్లో అద్దెలు పెరగవు. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు లెక్క తేల్చారు: ఇలాంటి ఇళ్లు 1 శాతం పెరిగితే అద్దె 0.018 శాతం, ఇంటి ధర 0.026 శాతం పెరుగుతాయట. అంతే!

(లెక్క నిజమే. రమణ సగమే చదివాడు.)

సరళ: ఆ 1 శాతం దగ్గరే ఆగితే కదా! ఏటేటా రెట్టింపవుతూ పోతే? యజమానులు కాపురముండేది తక్కువైన చోట ఆ ప్రభావం ఎక్కువని కూడా వాళ్లే చెప్పారు. బార్సిలోనా చూడు, 2028 నవంబరుకల్లా పదివేలకు పైగా పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు ఎత్తేస్తామని 2024లో ప్రకటించింది. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి నియమం గట్టిగా అమలవుతోంది. 30 రోజుల లోపు అద్దెకిస్తే ఇంటివాళ్లు అక్కడే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు.

రమణ: మనం కిందే ఉంటాం కదా!

సరళ: కింద ఉంటే చెల్లదు. అదే వాటాలో ఉండాలి.

రమణ: న్యూయార్క్ చట్టం దర్గామిట్టకెందుకు? అక్కడ కొరత ఇళ్లకు, ఇక్కడ పండుగ నాటి గదులకు.

సరళ: ఒంటరి ఆడపిల్లకు ఆస్పత్రి దగ్గర ఇల్లు వెతికిపెట్టు చూద్దాం. ఎన్ని గడపలు ఎక్కి దిగాలో తెలుస్తుంది.

రమణ: సరే, పై వాటా జోలికి పోను. పండుగకు నా గది, ముందు హాలు ఇద్దాం. నేను డాబా మీద పడుకుంటాను.

సరళ: అది మాట్లాడదగ్గ మాట. దుప్పట్లు ఎవరు ఉతుకుతారో ముందు చెప్పు.