నెత్తికెక్కించుకున్న ట్యూనర్ గారికి

మహారాజశ్రీ ట్యూనర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను కానీ, ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే.

తీగల శ్రుతి సరిచూసి చెబుతారని మిమ్మల్ని గిటార్ నెత్తికెక్కించుకున్నది నేనే, ఒప్పుకుంటున్నాను. నిన్న ఆరు తీగలూ ఒక్కొక్కటే మీటాను, ఆరింటికీ మీరు పచ్చలైటు వెలిగించారు. మర్యాదలన్నీ పాటించాను కూడా. నోట్ పైకి పోయిన ప్రతిసారీ బాగా కిందికి దించి, మళ్లీ కింద నుంచే బిగించుకుంటూ వచ్చాను, ఎందుకంటే పై నుంచి వదిలి ఆపేస్తే తీగ బిగించే కీ పళ్ల మధ్య మిగిలిన లూజు వల్ల వాయిస్తుండగానే తీగ దిగిపోతుందని దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి. మీటగానే నోట్ కాస్త పైకెగిరి సర్దుకుంటుంది కదా, ముల్లు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి చూశాను.

తర్వాత మా ఫ్రెండ్ కీబోర్డ్ మీద జీ కార్డ్ పట్టాడు, నేనూ జీ పట్టాను. గదిలో ఉన్న నలుగురూ ఒకేసారి నా వైపు తిరిగారు.

అప్పటికీ మిమ్మల్ని అనుమానించలేదండీ! తీగ మరీ గట్టిగా నొక్కుతున్నానేమో అనుకున్నాను. కొత్త తీగలు ఇంకా సాగుతున్నాయేమో అనుకున్నాను. ఆఖరికి సిగ్గు విడిచి "నీ కీబోర్డే శ్రుతి తప్పిందిరా" అన్నాను. వాడు నవ్వినా బాగుండేది. మూడుసార్లు మళ్లీ ట్యూన్ చేశాను, మూడుసార్లూ పచ్చలైటే. గంటన్నర పోయింది.

అప్పుడు కనబడింది, మీ స్క్రీన్ మూలన, ఆవగింజంత అంకెల్లో. 432.

అన్ని స్వరాలకీ కొలత అయిన 'ఏ' స్వరం సెకనుకి 440 సార్లు కంపించాలి, ఆ 440 ఉండాల్సిన చోట 432! అరస్వరానికి 100 సెంట్లు అయితే దాదాపు 32 సెంట్లు, అంటే అందులో ఇంచుమించు మూడో వంతు కిందికి దించావు. అదీ ఆరు తీగల్నీ ఒకే లెక్కన దించావు కాబట్టి వాటిలో అవి చక్కగా కలిసిపోయాయి, ఒక్కణ్ణే కూర్చుని వాయించుకుంటే ఈ జన్మకి తెలిసేది కాదు. సంచీలో ఏదో బటన్ నొక్కుకుపోయింది, సరే, పొరపాటే. నోరు తెరిచి చెప్పొద్దూ? పచ్చలైటు పక్కన ఒక ఎర్రచుక్క పెడితే నీ సొమ్మేం పోయేది? పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడినట్టు నీకు అన్నీ పచ్చే!

సరిగ్గా అందరూ కూర్చున్నాకే చచ్చే నీ బ్యాటరీ బిళ్ల సంగతి ఎత్తను. అన్నిటికన్నా సన్నదైన 'ఈ' (E) తీగ హద్దు దాటి పైకి పోతుంటే ఎఫ్, ఎఫ్ షార్ప్, జీ అని తీరిగ్గా అక్షరాలు చదివావే తప్ప ఆగమన్లేదు, అది తెగి నా చేతి మీద కొట్టింది, అదీ వదిలేస్తున్నా.

పొద్దున పంతం పట్టి చెవితోనే మొదలుపెట్టాను. ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డకమ్మీ) దగ్గర నొక్కి పక్క తీగతో కలుపుకుంటూ జీ దాకా బాగానే వచ్చాను. జీ నుంచి బీకి నాలుగో ఫ్రెట్ అని గుర్తొచ్చేసరికే పది నిమిషాలు. ఆ తర్వాత రెండు తీగల మధ్య ఊగే ఆ వావ్ వావ్ మోత తగ్గుతోందో పెరుగుతోందో తేలక, తిప్పి తిప్పి, చివరికి నిన్నే వెతికి తగిలించాను. ఎనిమిది సెకన్లలో బీ కుదిరింది, దొంగమొహమా.

ముందు మూలన చూశాకే అనుకో. 440. ఆ బటన్ మీద టేపు కూడా అంటించాను.

ఇట్లు,
నిన్ను నమ్మి కీబోర్డ్‌ను తిట్టినవాడు